బరకం కప్పిన ఫ్యూయల్ సెల్

మా వైపు ఎవరినైనా అవమానించాలన్నా అండీ తగిలించే అవమానిస్తాం. ఆ పనిలో నా అంత నేర్పరి తాడేపల్లిగూడెంలో ఇంకొకడు లేడని నా నమ్మకం. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెబుతాను. పిల్లలు నా నోటికి భయపడతారు, తోటివాళ్లు పక్కన నిలబడి నవ్వుతారు. రెండూ నాకు ఇష్టమే.

రెండేళ్ల కిందట కొల్లేరు పక్కన ఒక చేపల చెరువు గట్టున కాలేజీ తరఫున ఫ్యూయల్ సెల్ పెట్టించాను. బీరువా అంత పెట్టె. సిలిండర్లలోంచి హైడ్రోజన్ లోపలికి వెళ్తే కరెంటు బయటికి వస్తుంది. పొగ ఉండదు, గోల ఉండదు, పైపు చివర నాలుగు నీటిచుక్కలు రాలతాయి, అంతే. తెల్లవారేముందు చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు ఏరేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే చక్రాలు, తిరగకపోతే చేప బతకదు. కరెంటు పోయినప్పుడు ఇన్నాళ్లూ వాటిని డీజిల్ ఇంజను తిప్పేది. ఇకనుంచి నా పెట్టె తనంతట తానే మొదలై తిప్పుతుంది.

చెరువు రైతు నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నన్ను మాస్టారూ అనేవారు. శీలావతి, బొచ్చె చేపలు బాగా ఎదిగాయి, ఇంకో పది రోజుల్లో చెరువు పట్టి అమ్మాలి. ఏడాది కష్టమంతా ఆ నీళ్లలోనే ఉంది.

పెట్టెను పరీక్షించడానికి కమిటీ వస్తుందనగా ముందురోజు మధ్యాహ్నం, పిల్లల్ని వెంటబెట్టుకుని గుండుగొలను మీదుగా చెరువుకు వెళ్లాను. పైపు కింద గ్లాసు పెట్టి పట్టిన నీళ్లు ఆయన చేతికిచ్చి తాగమన్నాను. తాగారు. “చప్పగా ఉన్నాయండీ,” అన్నారు. పిల్లలు నవ్వారు. ఆయన అదేమీ పట్టించుకోకుండా పెట్టె చుట్టూ తిరిగి, పక్కనున్న కన్నాల మీద అరచెయ్యి ఆనించి చూసి, “దీనికీ గాలి కావాలా అండీ, చేపలకు లాగా?” అని అడిగారు.

ఆ ప్రశ్న మా ఫైనలియర్‌లో ఒక్కడూ అడగలేదు. జవాబు ఒక్క మాట. కావాలి. గాలిలోని ఆక్సిజన్‌తో కలవకపోతే హైడ్రోజన్ నుంచి కరెంటు రాదు. నేను మాత్రం పిల్లల వైపు తిరిగి కన్నుగీటి, “ఇది చేప కాదండీ, మిషను. దీని ఊపిరి గురించి మీరేం బెంగ పెట్టుకోకండి,” అన్నాను. పిల్లలు విరగబడి నవ్వారు. నవ్వాలి కాబోలని ఆయన కూడా నవ్వారు. ఇది రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది. ఆ రోజు మాత్రం భలే సంతోషంగా ఉంది.

తర్వాత గట్టు మీదున్న డీజిల్ ఇంజను తీయించేయమన్నాను. నల్లగా, నూనె కారుతూ ఫొటోల్లో పడుతుందని నా బాధ.

“పది రోజులేనండీ మాస్టారూ. చెరువు పట్టేదాకా ఓ మూలన ఉండనివ్వండి,” అని చేతులు నలుపుకుంటూ అడిగారు.

“నామీద నమ్మకం లేదా అండీ?” అన్నాను. ఆ మాటకు ఎదురుచెప్పే మనిషి కాదాయన. కాసేపటికే ఇంజను ట్రాక్టరెక్కి ఊళ్లోకి వెళ్లిపోయింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితే దేన్నీ ముట్టుకోవద్దని, నాకు ఫోన్ చెయ్యమని చెప్పి వచ్చేశాను.

సాయంత్రం మబ్బు పట్టింది. అక్కడి రైతులు మిషన్ను వానకు తడవనివ్వరు, బరకం, అంటే టార్పాలిన్, కప్పి చుట్టూ తాడు బిగించేస్తారు. డీజిల్ ఇంజనుకు ఏళ్ల తరబడి చేసిన సేవే ఆయన నా పెట్టెకూ చేశారు. ఊపిరి బెంగ అక్కర్లేని మిషనని నేనే చెప్పానుగా. పాతది కప్పితే మర్యాదగా ఉండదని కొత్త బరకం కొని తెచ్చి మరీ కప్పారు.

తెల్లవారుజామున కరెంటు పోయింది. పెట్టె మొదలై, కాసేపు నడిచి, గాలాడక ఆగిపోయింది. బరకం సందులోంచి ఎర్ర దీపం కనిపించింది. ముట్టుకోవద్దన్నాను కాబట్టి ఆయన ముట్టుకోలేదు. నాకు మూడుసార్లు ఫోన్ చేశారు. నంబరు చూసి, మళ్లీ ఆ ఇంజను గొడవే అనుకుని, ఫోను ఆపేసి పడుకున్నాను. ఊళ్లోంచి ఇంజను తిరిగొచ్చేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం కూడా అయిపోయింది.

ఏడింటికి నేను వెళ్లేసరికి చెరువంతా చేపల పొట్టలు పైకి తేలి తెల్లగా ఉంది. బరకం చూడగానే సంగతి అర్థమైంది. నాకు కలిగింది జాలి కాదు. హమ్మయ్య, తప్పు యంత్రానిది కాదు అనుకున్నాను. బరకం పీకేసి మీట నొక్కితే పెట్టె చక్కగా పనిచేసింది. కమిటీ వచ్చేటప్పటికి చచ్చిన చేపల మధ్య ఏరేటర్లు తిరుగుతున్నాయి.

కమిటీ పెద్ద “ఏమైందండీ?” అని నన్నడిగాడు. నేను రైతు వైపు తిరిగి, “గాలి ఆడకుండా కప్పేస్తే ఎలాగండీ? దీనికి గాలి కావాలని ఆమాత్రం తెలియదా అండీ?” అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. నిన్న నవ్విన పిల్లల్లో ఇద్దరు అక్కడే ఉన్నారు, వాళ్లూ నావైపే చూశారు. నిన్న అడిగానని ఆయన ఒక్క ముక్క అంటే చాలు, నా పరువు ఆ చెరువులోనే తేలేది. ఆయన భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

“తెలియదండీ. తప్పు నాదేనండీ,” అన్నారు. ఆ వెంటనే, “మీ మిషనుకేమీ కాలేదు కదండీ మాస్టారూ?” అని అడిగారు.

“ఏమీ కాలేదండీ,” అన్నాను, ఎంతో మర్యాదగా.