ఐదు ముక్కల చీటీ

వీధిలో అందరూ ఆయన్ని తక్కెడ మావయ్య అంటారు, ఆయన వినకుండా. ముప్పయ్యొక్కేళ్లు తూనికల ఇన్‌స్పెక్టరుగా చేసి, పళ్లేల కింద అంటించిన అయస్కాంతాలు, లోపల బోలు చేసిన గుండ్లు ఎన్నో పట్టుకున్నాడు. రిటైరై ఆరేళ్లయినా ఆ బుద్ధి మాత్రం రిటైరు కాలేదు. కొన్న పంచదార ఇంట్లో మళ్లీ తూచనిదే డబ్బాలో పోయనివ్వడు. ఎప్పుడైనా తూకం ఎక్కువొస్తే అనుమానం రెట్టింపవుతుంది.

కూతురు భవనాల ప్లాన్లు గీస్తుంది. పాత ఆఫీసు మూతపడ్డాక రెండేళ్లు ఖాళీగా ఉంది. ఇన్నాళ్లకు ఒక కంపెనీవాళ్లు పరీక్షగా ఆసుపత్రి ప్లానొకటి ఇచ్చారు. సోమవారం పొద్దున్నకల్లా పంపితే ఉద్యోగం, లేకపోతే లేదు. ఆమె కంప్యూటరేమో ఆ ప్లాను తెరిచిన పావుగంటకల్లా ఆగిపోతోంది. శుక్రవారం పొద్దున, దాంట్లో మార్చాల్సిన భాగాలన్నీ ఒక చీటీ మీద రాసి తండ్రి చేతిలో పెట్టింది.

"నేను దీని ముందు నుంచి లేవలేను నాన్నా. నువ్వు తెచ్చిపెడితే నేనే బిగించుకుంటా. అన్నీ ఒకే షాపులో తీసుకో."

"ఒకే షాపులోనే ఎందుకు?"

"పని తేలికవుతుందని."

ఎవరికి తేలిక? మావయ్యకు అక్కడే తేడా కొట్టింది. అన్నీ తన దగ్గరే కొంటారని తెలిస్తే ఏ వర్తకుడైనా ఒక మంచి వస్తువు చూపించి మూడు నాసివి అంటగడతాడు. ఈ చీటీ కూడా ఏ షాపువాడో అమ్మాయి చేత రాయించినదే అయ్యుండాలి. సర్వీసులో ఉన్నప్పుడు, తను తర్వాత ఏ కొట్టుకు వెళ్తాడో ముందు కొట్టువాడికి తెలియనిచ్చేవాడు కాదు. ఇప్పుడూ అదే పద్ధతి పెట్టుకున్నాడు. కత్తెర తీసి చీటీని ముక్కలు చేశాడు. ప్రాసెసర్ ఒక ముక్క, మదర్‌బోర్డు ఒకటి, మెమరీ ఒకటి, పవర్ సప్లై ఒకటి. చీటీ పైన రెండు వరుసలున్నాయి గానీ వాటిలో వస్తువు పేరేదీ కనబడలేదు. ఆ ముక్కను చదవకుండానే సొరుగులో పడేశాడు.

మొదటి కొట్టు నడిపేది ఒకావిడ. ప్రాసెసర్ పెట్టె తీసి బల్ల మీద పెట్టి, "ఏ బోర్డులో పెడతారండీ?" అని అడిగింది.

"ఎందుకు?"

"రెండూ జత కుదరాలి కదా. ఏం పనికో చెప్పినా మంచిదే."

కూపీ లాగుతోంది అనుకున్నాడు మావయ్య. "అది మీకు అనవసరం," అన్నాడు.

ఆవిడ నొచ్చుకోలేదు. అదీ ఆయనకు అనుమానంగానే తోచింది. విసుక్కున్నా నవ్వే వర్తకుల దగ్గరే ఆయనకు బోలు గుండ్లు ఎక్కువ దొరికాయి మరి. "బోర్డు కొనేముందు ఈ పెట్టె వాళ్లకు చూపించండి," అని కూడా చెప్పిందావిడ. చూపిస్తే గుట్టు రట్టు కాదూ? పెట్టెను సంచి అడుగుకు తోసేశాడు.

రెండో కొట్లో చీటీలో రాసిన బోర్డు లేదు. "ఇది అదే కంపెనీదండీ, ఇంకా కొత్తది. ప్రాసెసర్ ఏది తీసుకున్నారు?" అన్నాడు కొట్టువాడు. మళ్లీ అదే ప్రశ్న. వీళ్లంతా కూడబలుక్కున్నారని మావయ్యకు రూఢి అయిపోయింది. ఇంకా కొనలేదని బొంకి, బోర్డు సీలు అక్కడే తీయించి, గీతలున్నాయేమోనని భూతద్దం పెట్టి వెతికి, ఒక్కటీ దొరక్కపోయేసరికి గెలిచినంత సంతోషంతో కొన్నాడు. మెమరీ మరో కొట్లో తీసుకున్నాడు. పవర్ సప్లై కొట్లో జేబులోంచి స్ప్రింగు కాటా తీసి రెండు రకాలూ వేలాడదీసి తూచాడు. బరువైనదే పట్టుకొచ్చాడు.

సాయంత్రం కూతురు ప్రాసెసర్‌ను బోర్డు మీద పెట్టబోయి ఆగిపోయింది.

"ఇది దీంట్లో కూర్చోదు నాన్నా."

"కాస్త నొక్కి చూడు."

"నొక్కితే విరుగుతుంది. నేను రాసిన బోర్డు ఇది కాదు. నా చీటీ ఏది?"

నాలుగు ముక్కలూ ఇచ్చాడు. "పైన రాసింది?" అని అడిగింది. సొరుగులోంచి ఐదోదీ తెచ్చిచ్చాడు. ఆమె పైకే చదివింది. "ఇవన్నీ ఒకదానికొకటి సరిపోయేవి. ఏదైనా లేదంటే మార్చకు, నాకు ఫోన్ చెయ్యి."

ఆ ముక్కను మిగతా నాలుగింటి పైన పెట్టింది. "వారం రోజులు కూర్చుని చూసి రాశాను. కొట్లవాళ్లను నమ్మకు, సరే. నన్ను కూడానా నాన్నా?"

మావయ్యకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేదనిపించింది.

మర్నాడు పొద్దున బోర్డు కొట్టువాడు, "సీలు తీయించింది మీరే కదండీ," అని చేతులు దులిపేసుకున్నాడు. ఇక మిగిలింది ఆవిడ కొట్టే. ఐదు ముక్కల్నీ అట్ట మీద వరుసగా అంటించి తెచ్చుకున్నాడు. దాన్నీ బోర్డునూ ప్రాసెసర్‌నూ బల్ల మీద పెట్టి, ప్రాసెసర్ మార్చిస్తారా అని అడిగాడు.

"సీలు తీశారా?" అంది ఆవిడ.

ఊడదీసిన సీలును ఆనవాలు లేకుండా అంటించడం మావయ్యకు చిటికెలో పని. దొంగ సీళ్లు పట్టీ పట్టీ ఆ విద్య అబ్బింది. పొద్దున అంటించే తెచ్చాడు కూడా.

"తీశాను," అన్నాడు. "తూచాను కూడా."

ఆవిడ పెట్టె తెరిచి, ప్రాసెసర్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ కాలేదంది. తర్వాత అట్ట అందుకుని చదివింది. "ఎంత బాగా రాశారండీ. దీన్ని నిన్ననే చూపిస్తే పోయేది కదా. ఎవరు రాశారు?"

"మా అమ్మాయి," అన్నాడు మావయ్య. "కొట్లవాళ్లను అనుమానించినందుకు ముప్పయ్యొక్కేళ్లు జీతం తీసుకున్నానమ్మా. నిన్న జీతం లేకుండా మా అమ్మాయిని అనుమానించాను."

కూతురికి ఫోన్ కలిపి ఆవిడ చేతికే ఇచ్చాడు. ఆసుపత్రి ప్లాను గురించీ బోర్డు గురించీ ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మావయ్య చెవి అటు వేయకుండా బయటి మెట్టు మీద నిలబడ్డాడు. అది ఆయనకు చాలా కష్టమైంది.

ఇంటికొచ్చాక కూతురు, ఆవిడ మార్చిచ్చిన ప్రాసెసర్ పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూసింది. సీలు చెక్కుచెదరలేదు. తండ్రి వంక అనుమానంగా చూసింది.

"తియ్యలేదేం? ఒంట్లో బాగానే ఉందా?"

"నువ్వే తియ్యమ్మా," అన్నాడు.

మధ్యాహ్నానికి ఆసుపత్రి ప్లాను మొత్తం తెర మీదికొచ్చింది. మావయ్య కుర్చీ లాక్కుని చేతి గడియారం చూస్తూ కూర్చున్నాడు. పావుగంట దాటింది. కంప్యూటరు ఆగలేదు, ఆమె చెయ్యీ ఆగలేదు. అప్పుడు గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.