పాలకు మీటరు పెట్టినవాడు

ఆ రోజుల్లో మా నరసరావుపేటలో తండ్రి అయినవాడికి పనేమీ ఉండేది కాదు. బిడ్డ పుట్టిందని కబురు అందగానే తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అత్తగారి ఊరు వెళ్ళి, పొత్తిళ్ళలో ఉన్నదాన్ని కాస్త దూరం నుంచే చూసి, "ముక్కు మా నాన్నదే" అని ఒక మాట అనేసి తిరుగు బస్సెక్కితే సరిపోయేది. మిగతాదంతా ఆడవాళ్ళు చూసుకునేవాళ్ళు. నన్నూ అలాగే వదిలేసి ఉంటే మంచి తండ్రినని పేరు తెచ్చుకునేవాణ్ణి. నా ఖర్మకొద్దీ నాకొక పని దొరికింది. పని దొరికిన మగవాడు ఆ పని చేసి ఊరుకోడు, దానిమీద అధికారం కూడా కావాలంటాడు. ఇది మా బంధువులు పెళ్ళిపందిళ్ళలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వే కథ. నేనూ నవ్వుతాను, కాకపోతే వాళ్ళందరి తరవాత.

అరవయ్యో దశకం మొదట్లో సంగతి. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాను. మా ఇంటామె ఊరి చివర మిషను బడిలో టీచరు. మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మెడ నిలవకముందే తల్లికి సెలవు అయిపోయింది. ఆమె బదులు తాత్కాలికంగా చేరినావిడ, "ఏం తొందరమ్మా, పిల్లను చూసుకోండి, బడి నేను చూసుకుంటాగా" అని మహా ప్రేమగా కబుర్లు పంపుతూ ఉండేది. ఆ ప్రేమ ఎందుకో మాకు తెలుసు. బడికి పోకపోతే ఉద్యోగం పోతుంది, బడికి పోతే పిల్లకు పాలు పోతాయి. ఈ రెంటి మధ్యా మా ఇంటామె నలుగుతుంటే మిషను ఆసుపత్రిలో పెద్ద నర్సమ్మ ఒక దారి చూపించింది. గాజు గరాటు, దాని వెనక ఎర్ర రబ్బరు బుడ్డి ఉన్న పంపు ఒకటి చేతిలో పెట్టింది. (బస్సు డ్రైవరు నొక్కే హారనుకు ఉండే బుడ్డి లాంటిదే. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని నొక్కి మోగుతుందేమోనని చూశాను. నర్సమ్మ నా చేతిలోంచి లాక్కుంది.) దాంతో పాలు తీసి సీసాలో పోసి పట్టొచ్చునట. అప్పటి సీసాలు పడవ ఆకారంలో, రెండు కొసలా రబ్బరు తొడుగులతో ఉండేవి.

ఏర్పాటు ఇదీ: తెల్లవారుజామున పిల్ల తల్లి దగ్గర తాగుతుంది. బడికి పోయే ముందు తీసిన పాలు పొద్దున సీసాకు సరిపోతాయి. మధ్యాహ్నం బడిగంట కొట్టాక ఆమె మ్యాపులూ డ్రిల్లు సామానూ పెట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని పాలు తీసి సీసాలో పోసి ఇస్తే, నేను ఆఫీసు నుంచి సైకిలు మీద వెళ్ళి, తడిగుడ్డ చుట్టి, ఇంటికి చేర్చాలి. చాలకపోతే ఒక పూట డబ్బాపాలు. సాయంత్రం నుంచి మళ్ళీ తల్లే. ఇంట్లో పిల్లను చూసుకోడానికి మా అమ్మ రొంపిచెర్ల నుంచి వచ్చింది. వచ్చిన రోజే పంపును దూరంగా పట్టుకుని చూసి, "బిడ్డ నోట్లోకి పోవాల్సిన పాలు సైకిలెక్కి ఊరేగటమేందిరా" అంది. అన్నా అడ్డం చెప్పలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టింది. "మిగిలిన పాలు నేలమీద పొయ్యమాకండి. చీమలు తాగితే తల్లికి పాలు ఎండిపోతయ్యి. చెట్టు మొదట్లో పొయ్యండి." సరేనన్నాం. దొడ్లో కరివేపాకు మొక్క ఉంది.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. ఆ సీసా రోజూ నా చేతిలో ఉండటమే బాగాలేదు. నేను గేదెల మధ్య పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు రొంపిచెర్లలో బొటనవేలి గోరుమీద పాలచుక్క వేసి, అది జారిందా నిలిచిందా చూసి నీళ్ళు కలిపారో లేదో చెప్పేవాణ్ణి. మా నాయన నన్ను పక్క వీధులకు కూడా పంపించేవాడు. అంతటి నిపుణుడికి సీసాలో కనపడేవేమిటి? పల్చగా, కాస్త నీలం పోయిన పాలు. సైకిలు కుదుపుకు మీగడ తేలి, చిన్న చిన్న తునకలై గాజుకు అంటుకునేది. అడుగున మిగిలింది కుడితి నీళ్ళలా ఉండేది. ఇంటికొస్తే అలమరలో డబ్బా, దానిమీద బుగ్గలు ఊరిన పిల్లవాడి బొమ్మ. దాని కింద మంచంలో, పీలగా, ముఖమంతా కళ్ళతో మా పిల్ల. నేను బొమ్మ వంకా పిల్ల వంకా మార్చి మార్చి చూసేవాణ్ణి. తప్పు ఎక్కడుందో నాకు అప్పుడే తెలిసిపోయినట్టు ఉండేది.

బడికీ ఇంటికీ మధ్య హోటలు బాబాయి కాఫీ హోటలు. (నాకు ఆయన ఏమీ కాడు, ఊరందరికీ బాబాయే.) పిల్ల పాలకు ఎదురుచూస్తున్నా సరే, అక్కడ సైకిలు ఆగకుండా ఉండేది కాదు. ఆ హోటల్లో లాక్టోమీటరని ఒక గాజు పుల్ల ఉండేది. కింద బుడ్డి, పైన సన్నటి కాడ, కాడమీద గీతలు. పాలు పోసే ఆడవాళ్ళ చెంబుల్లో దాన్ని ముంచేవాడు. పైకి తేలితే మంచిపాలు, మునిగితే నీళ్ళు. ఆ మీటరు ముందు నిలబడి ఆ ఆడవాళ్ళు పడే హైరానా చూస్తూ కాఫీ తాగడం నాకు సరదా. ఒకరోజు రద్దీ లేనప్పుడు, "బాబాయ్, ఒకసారి ఆ మీటరు ఇయ్యి" అన్నాను.

"దేనికిరా?"

"మా వీధిలో ఒకామె మేకపాలు పోస్తంది. చూద్దామని."

ఈ అబద్ధం నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. గల్లా దగ్గర నుంచి లేవకుండానే బాబాయి, "అదుగో, నువ్వే ముంచి చూసుకో" అన్నాడు. పక్కనే పొడుగాటి ఇత్తడి గ్లాసుంది. సీసాలోవి అందులో వంచి మీటరు వదిలాను. ఠక్కుమని అడుగున కూర్చుని పక్కకు ఒరిగింది. తీసి మళ్ళీ వదిలాను. మళ్ళీ అంతే.

బాబాయి మెడ సాచి చూశాడు. అక్కణ్ణించి ఆయనకు గ్లాసు కనపడుతుంది గాని లోపలెంత ఉందో కనపడదు. "ఓర్నీ, చెరువుకు పోయి కడుక్కొచ్చిందేంట్రా గిన్నె? ఇందులో మేకెక్కడుంది, మేక తాగే నీళ్ళు తప్ప."

బల్ల దగ్గర కూర్చున్న ఒకాయన, "అట్టాంటి ఆడదాన్ని గడప తొక్కనీయగూడదు. పసిబిడ్డల నోటికాడ మోసం జేసేది రేపు దేనికైనా తెగిస్తది" అన్నాడు.

"నిజమే" అన్నాను.

అవును, అన్నాను. పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ, మధ్యాహ్నం అన్నం తినాల్సిన వేళ చీకటి గదిలో మ్యాపుల మధ్య నిలబడి, పడిన ప్రతి చుక్కా చూసుకుని సీసా నింపిన మనిషిని ముక్కూ మొహం తెలియని వాడొకడు తిడుతుంటే, నేను తలూపి, కాఫీ తాగి, సైకిలెక్కాను. ఇంటికి వెళ్ళి ఆ పాలు కరివేపాకు మొక్కకు పోశాను. (మా అమ్మ షరతు మాత్రం తప్పలేదు.) సీసాలో డబ్బాపాలు కలిపి పట్టాను. పాలు తొందరగా రావాలని రబ్బరు తొడుగు కన్నాన్ని సూది కాల్చి పెద్దది కూడా చేశాను. పిల్ల గటగటా తాగింది. మర్నాడూ అంతే. ఆ తరవాతా అంతే. కరివేపాకు మొక్క ఆ ఏడు చిగిర్చినట్టు మళ్ళీ ఎప్పుడూ చిగిర్చలేదు. వీధిలో వాళ్ళు అడిగి పట్టుకుపోయేవాళ్ళు.

గటగటా తాగడం మరిగిన పిల్ల సాయంత్రాలు తల్లి దగ్గర పెనుగులాడటం మొదలుపెట్టింది. నోరు పెట్టేది, తిప్పుకునేది, ఏడ్చేది. "ఏందే తల్లీ, నేనేం జేశా" అని మా ఇంటామె పిల్లనే అడిగేది. ఒకసారి నా వైపు తిరిగి, "పగలు బాగా తాగుతందా?" అంది. చెప్పాల్సిన సంగతి వదిలేసి నేను చెప్పిన మాట ఇది: "నీ పాలల్లో పస లేదు. అందుకే తాగటంలా. నేను పరీక్ష చేయించా."

ఎక్కడ చేయించారని ఆమె అడగలేదు. ఎలా చేయించారనీ అడగలేదు. నేను ఆఫీసులో కాగితాలు చూసేవాణ్ణి కదా, పరీక్ష అన్నానంటే అది ఏదో పెద్ద పరీక్షే అయి ఉంటుందని నమ్మింది. పమిట సర్దుకుని లేచి పిల్లను మా అమ్మకు ఇచ్చింది. ఆ తరవాత మధ్యాహ్నాలు సీసా సగమే ఉండేది, ఆ పైన అడుగంటేది. ఒకరోజు గదిలోంచి వట్టి చేతులతో వచ్చి, "ఇంక రానవసరం లేదు మీరు" అంది. పంపు కడిగి, తుడిచి, పాత చీరముక్కలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది. నాకు హాయిగా అనిపించింది. ఎండలో సైకిలు తొక్కే పని తప్పింది కదా.

వానలు పడ్డాక పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. డబ్బాపాలు మాని గేదెపాలు, అవి మాని బార్లీ నీళ్ళు. ఏది పోసినా నిలవలేదు. పిల్ల ఏడవడం కూడా మానేసింది. ఏడిస్తే విసుక్కునే నేను, ఏడవకపోతే ఎంత భయమో అప్పుడు తెలుసుకున్నాను. ఆసుపత్రి వరండాలో పెద్ద నర్సమ్మ పిల్ల కడుపుమీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలి చూసి, మా ఇంటామె వైపు తిరిగింది. "పంపు ఇచ్చాను కదమ్మా. నీ పాలు ఎందుకు మాన్పించావు?"

"నా పాలు మంచియి కావండి. ఆయన పరీక్ష చేయించారు."

నర్సమ్మ కళ్ళజోడు నా వైపు తిరిగింది. "ఏం పరీక్ష బాబూ? ఏ ఆసుపత్రిలో?"

ఆసుపత్రి కాదని చెప్పాల్సివచ్చింది. ఆ తరవాత హోటలని చెప్పాల్సివచ్చింది. మీటరు సంగతి చెబుతుంటే వరండాలో బల్లమీద వరసన కూర్చున్న తల్లుల్లో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మో, మొగుడు గాదు, పాల ఇనిస్పెట్టరు" అని పక్కామె చెవిలో అంది. చెవిలోనే అంది గాని వరండా అంతా విన్నది. బల్ల బల్లంతా కదిలింది. మా అమ్మ కూడా మొహం పక్కకు తిప్పుకుంది. మా ఇంటామె మాత్రం నవ్వలేదు. ఆమె బళ్ళో అయిదో తరగతికి సామాన్యశాస్త్రం చెప్పేది. పిల్లవాడి లెక్క ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు, నెమ్మదిగా అడిగింది.

"గ్లాసులో ఎంత పోశారు?"

"ఉన్నవే పోశా. అడుగున నాలుగు వేళ్ళు ఉంటయ్యేమో."

"ఆ మీటరు ఎంత పొడుగు?"

జానెడు పైనే ఉంటుందని చేత్తో చూపించాను. చూపిస్తుండగానే నాకు అర్థమైంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మోకాలి లోతు నీళ్ళల్లో నావ దించితే నేలకే గదా ఆనేది" అంది ఆమె. "పాలు పల్చనై మీటరు మునగలేదు. పాలు చాలక అడుగుకు ఆనింది." అని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. ఇంకో మాట అనలేదు. అప్పుడైనా, ఇంటికి వెళ్ళాకైనా, ఆ తరవాతైనా. అంటే బాగుండేది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నర్సమ్మ పిల్లను తల్లి రొమ్ముకే పట్టించింది. పంపు మళ్ళీ ట్రంకుపెట్టెలోంచి వచ్చింది. నా సంగతి తెలిసిన ఆయమ్మ నన్ను చూసినప్పుడల్లా "ఈ గ్లాసు పాలు కూడా చూసి చెప్పండి అయ్యగారూ" అనేది. చెరో పక్కా కూర్చుని, మా అమ్మ ప్రార్థన చేస్తూ, నేను దానికి కూడా మొహం చెల్లక నేల చూస్తూ ఉండేవాళ్ళం. పోయిన పాలు మొత్తం తిరిగి రాలేదు. వచ్చిన కొంచెంతో, చెంచాతో పట్టిన కొంచెంతో పిల్ల నిలబడింది. నిలబడింది గాని చాలాకాలం బక్కగానే ఉంది. బళ్ళో చేర్చినప్పుడు పొట్టివాళ్ళను ముందు నిలబెట్టే వరసలో అందరికంటే ముందు నిలబడేది మా పిల్లే. నిలబెట్టిన టీచరు మా ఇంటామే. ఆ వరస వైపు చూడలేక నేను గేటు దగ్గర నుంచే వెనక్కి తిరిగేవాణ్ణి.

హోటలు బాబాయికి ఈ సంగతి ఎవరు మోశారో తెలియదు. నేను కనపడితే మీటరు బల్లకింద దాచేవాడు, నన్ను ఆటపట్టించడానికో, నిజంగా భయపడో.

రెండోవాడు పుట్టిన తరవాత సెలవు మళ్ళీ అయిపోయింది. నేను ఏమీ అడగలేదు. అడిగే మొహం లేదు. బడి తెరిచిన రోజు మధ్యాహ్నం ఎందుకో కాళ్ళు ఊరుకోక, ఊరికే చూసి వద్దామని సైకిలు తీసుకుని గేటు దాకా వెళ్ళాను. గంట కొట్టారు. మ్యాపుల గది తలుపు మూసుకుంది, కొంతసేపటికి తెరుచుకుంది. మా ఇంటామె తడిగుడ్డ చుట్టిన సీసాతో ఎండలోకి వచ్చింది. గేటు దగ్గర నన్ను చూసి ఆగింది. చేతిలో సీసా వంక, నా వంక చూసింది. ఆమె ఆగిన ఆ కాస్తసేపూ ఆ సీసా నాకిస్తుందో, బడి ఆయాతో పంపుతుందోనని నేను పడిన ఆత్రం ఏ పరీక్షలోనూ పడలేదు. చివరికి వచ్చి నా చేతిలో పెట్టింది.

"నేరుగా ఇంటికి పొండి" అంది. నేను సైకిలెక్కాక వెనక నుంచి, "దోవలో కాఫీ తాగమాకండి" అంది.

తాగలేదు. ఆ రోజే కాదు, వాడు అన్నం తినే దాకా ఆ హోటలు గడప తొక్కలేదు. ఎండలో చెమటలు కారుస్తూ, గుంట కనపడితే దిగి నడుస్తూ, పాలు కుదపకుండా సీసాను గుండెకు ఆనించి పట్టుకుని, బాబాయి పిలిచినా తలెత్తకుండా పోయే ఆ బక్క గుమాస్తా అప్పుడప్పుడూ నాకు కళ్ళముందు కనపడతాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. పోనీలే, ఈసారి నేరుగానే పోతున్నాడు అనుకుంటాను. ముందోసారి కూడా ఇలాగే పోయి ఉంటే ఎంత బాగుండేదిరా అని, వాడికి వినపడదని తెలిసీ చెబుతాను.