అలివేలమ్మగారి ఎర్ర చుక్కలు

మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి పక్కగదిలో కూర్చుని గోళ్ళరంగు సీసా మూత తీసింది. తల దిమ్మెక్కించే ఆ ఘాటు వాసన గుమ్మం దాటి నా ముక్కుకు తగిలేసరికి, నేను ఆగిపోయిన కంప్యూటర్ పక్కన దిగులుగా నిలబడి ఉన్నాను. బాగుచేయడానికి వచ్చినతను విజయవాడ నుంచి ఈమధ్యే వచ్చి మాధవరంలో దుకాణం పెట్టుకున్నాడు. స్విచ్ ఒకటికి రెండుసార్లు నొక్కి, పెట్టెను అరచేత్తో తట్టి, "ఇది అయిపోయిందండీ. దీనిమీద డబ్బు తగలెయ్యకండి, కొత్తది తీసేసుకోండి" అన్నాడు. సరేనని అనబోయాను. ఆ వాసన అననివ్వలేదు. "కాస్త కూర్చోండి, కాఫీ తెస్తాను" అని వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొయ్యిమీద పెట్టి నిలబడితే, ఎప్పుడో పోయిన అలివేలమ్మగారు నా వెనకే ఉండి "వాడు ఒక్క మరమేకన్నా ఇప్పినాడా?" అని అడుగుతున్నట్టే ఉంది.

పురసవాక్కంలో బట్టల దుకాణాల వెనక సందులో ఆవిడకు శుభలేఖలు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఉండేది. తాతల కాలంలోనే వచ్చి ఈ తమిళ మహానగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. భర్త పోయాక ప్రెస్సును ఆవిడే నడిపారు. ఊళ్ళోని పాత తెలుగు కుటుంబాలవాళ్ళు పెళ్ళికార్డు కోసం ఆవిడ దగ్గరికే వచ్చేవారు. వాళ్ళ పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, మాటకూడా సగంలో తమిళంలోకి జారిపోతుంది. అయినా పెళ్ళికార్డు మీద తెలుగు అక్షరం ఉండి తీరాలి. ఆ అక్షరాలు కంప్యూటర్‌లో కూర్చే ఉద్యోగం నాది. నాకు చేతనైన పని అదొక్కటే. తమిళం, ఇంగ్లీషు కార్డులు ఆవిడ మేనల్లుడు మురళి చూసుకునేవాడు.

అలివేలమ్మగారు ఎవరినీ, దేనినీ నమ్మేవారు కాదు. పాలవాణ్ణి నమ్మరు, ఆటో మీటర్‌ని నమ్మరు, వాన వస్తుందని చెప్పే వార్తల్ని అసలే నమ్మరు. గుడి నుంచి ఎవరైనా ప్రసాదం పొట్లం తెచ్చిస్తే విప్పి, వాసన చూసి, ఆ తర్వాతే కళ్ళకద్దుకునేవారు. నేను చేరిన కొత్తలో ఇదంతా చాదస్తమనుకుని లోలోపల నవ్వుకునేదాన్ని. ఒకరోజు ఒక పెళ్ళికూతురి తండ్రి ముహూర్తం వివరాలు పట్టుకుని వచ్చాడు. పెద్ద హోదాలో ఉన్న మనిషి, తొందరమీద ఉన్నాడు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "తేదీ సరే సార్, గురువారమని యాడ చూసినారు?" అన్నారు.

"పురోహితులే చెప్పారమ్మా."

"ఆయన యాడ చూసినాడు?"

ఆయన మొహం ఎర్రబడింది. మా ఇంటి పెళ్ళిమీద మీకెందుకు అనుమానమని అడగనే అడిగాడు. ఆవిడ గోడకున్న క్యాలెండర్ తీసుకొచ్చి ఆయన ముందు పరిచారు. ఆ తేదీ శుక్రవారం. ఆయన కుర్చీలో కూలబడి జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. ఆయన వెళ్ళిపోయాక ఆవిడ నావైపు తిరిగి, "అంత మంది పెద్దోళ్ళు కూచోని మాట్లాడుకున్నారు గదా, ఒక్కరన్నా క్యాలెండర్ చూసినారామే?" అన్నారు. ఆరోజు నుంచి నాక్కూడా ఆ జబ్బు అంటుకుంది.

ఆవిడ దగ్గర ఇంకొక పద్ధతి ఉండేది. ప్రెస్సులో ఏ యంత్రం చెడినా బయటికి పంపడానికి ఒప్పుకోరు. అక్కడే, ఆవిడ కళ్ళముందే విప్పాలి. తిరిగి బిగించాక ఆవిడే వచ్చి ప్రతి మరమేకు తలమీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టేవారు. ఆరిన తర్వాత ఎవరైనా మర తిప్పితే ఆ చుక్క పగులుతుంది, దొంగ దొరికిపోతాడు. తన గోళ్ళకు మాత్రం ఏనాడూ రంగు వేసుకోలేదు. ఆ సీసా దేవుడి పటం ముందు కుంకుమ భరిణె పక్కనే ఉండేది. మిక్సీకీ చుక్కలే, ఫ్యానుకీ చుక్కలే. పండక్కి బొట్లు పెట్టినట్టు ప్రెస్సంతా ఎర్రచుక్కలతో ఉండేది.

అన్నిటికంటే ఎక్కువ చుక్కలు నేను పనిచేసే కంప్యూటర్‌కే. అది చాలా పాతది. మా తెలుగు అక్షరాలు, ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న కార్డుల నమూనాలు అన్నీ అందులోని పాత సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకునేవి. కొత్త కంప్యూటర్లో ఆ సాఫ్ట్‌వేర్ పనిచేయదు. అందుకని ఆవిడకు దానిమీద ప్రాణం. శుక్రవారం సాయంత్రం సాంబ్రాణి వేసినప్పుడు మిగతా యంత్రాలకు ఒకసారి చూపించి వదిలేసేవారు. దీనికి మాత్రం ధూపం గిన్నెను పెట్టెకు ఆనించినట్టుగా పట్టుకుని చాలాసేపు నిలబడేవారు. పొగ మెలికలు తిరిగి కన్నాల్లోంచి లోపలికి పోయేది. "చూడుమే, ఎట్లా పీల్చుకుంటా ఉండాదో! దానికి తెలుసు" అని మురిసిపోయేవారు. ఈ లోకంలో ఆవిడ అనుమానించకుండా మెచ్చుకున్నది నాకు తెలిసి అదొక్కటే.

ఒక ఎండాకాలం ఆ కంప్యూటర్ ఆగిపోవడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి లోపల బరబరమని శబ్దం చేసి, తెర నల్లబడిపోయేది. కాసేపాగి మళ్ళీ వెలిగేది. పోనుపోను ఒక కార్డు పూర్తయ్యేదాకా కూడా నిలవడం మానేసింది. మురళి సెల్వం అనే మెకానిక్‌ను పిలుచుకొచ్చాడు. అంతకుముందు ఏవో భాగాలు మార్చింది కూడా అతనే, అప్పుడు అలివేలమ్మగారు చుక్కలు పెట్టారు. ఈసారి సెల్వం పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ముడింజిపోచ్చుమ్మా" అన్నాడు, పని అయిపోయిందని. "బోర్డు పోయింటుంది. ఇంత పాతదాన్ని విప్పేది దండగ. కొత్తది తీసుకోండి."

మురళి వెంటనే అందుకున్నాడు. "నేను ఎప్పటి నుంచో చెప్తా ఉండా గదత్తా. కొత్తది ఒకటి తీస్తే చాలు. తెలుగు కార్డులు వచ్చేదే తక్కువ. నిప్పాటేద్దాం."

నిప్పాటడమంటే ఆపేయడం. తెలుగు ఆగిపోతే అక్కడ నా కుర్చీ ఎందుకు? అలివేలమ్మగారు మాత్రం వాళ్ళిద్దరి మొహాలు మార్చిమార్చి చూస్తున్నారు. "సరే, రేపు చెప్తా" అని పంపేశారు. వాళ్ళు గుమ్మం దాటగానే నాతో, "ఇప్పకుండానే పోయిందని ఎట్లా తెలిసిందిమే వానికి? పోయిందంటే కొత్తది అమ్మేది వాడు. మురళికి తెలుగు పోతే చాలు. ఇద్దరూ ఒక మాట మీద ఉండారు" అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. మురళి అప్పుడప్పుడు ఒంటరిగా ప్రెస్సులో ఉండేవాడు. వాడే ఏదో చేసి ఉంటాడని మనసులో తీర్పుకూడా చెప్పేసుకున్నాను.

అయితే ఆవిడ అనుమానం అక్కడితో ఆగలేదు. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి నా కుర్చీ చుట్టూ వంగి నేలను పరీక్షిస్తున్నారు. నా కాఫీ గ్లాసు ఎత్తి చూశారు. తర్వాత చాలా మెల్లగా, "నువ్వేమన్నా దాని మీద పోసినావామే? పోసింటే చెప్పు, ఏమీ అనను" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. అది ఆగిపోతే రోడ్డున పడేది నేను. ఆ యంత్రాన్ని నేను పసిబిడ్డలా చూసుకున్నాను. "నన్ను కూడా నమ్మరా అమ్మా?" అన్నాను. ఆవిడ గ్లాసు తిరిగి బల్లమీద పెట్టేశారు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోదామనుకున్నాను గానీ, వెళ్ళిపోతే నేనే చేశానని అనుకుంటారేమోనని అక్కడే కూర్చున్నాను.

సెల్వం, మురళి వచ్చారు. అలివేలమ్మగారు పెట్టెను బల్లమీద పడుకోబెట్టించి, భూతద్దం తీసుకుని ఒక్కొక్క చుక్కనూ చూశారు. ఒక్క చుక్కకూ పగులు లేదు. ఆవిడ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆవిడ మొహంలో సంతోషం లేదు సరికదా, ఎవరో చేతికి దొరికి జారిపోయినంత నిరాశ కనిపించింది. "అయితే సందుల్లోంచి ఏదో పోసినారు. ఇప్పు. నా కండ్ల ముందర ఇప్పు" అన్నారు.

సెల్వం విసుక్కుంటూనే విప్పాడు. మూత తీయగానే అతనే ఒకడుగు వెనక్కి వేశాడు. లోపలున్న చిన్న ఫ్యాను రెక్కల నిండా నల్లటి జిడ్డు, దానిమీద పట్టిన బూడిద. రెక్కలు తిరగడానికి సందే లేదు. "ఎన్నమ్మా ఇదు? వంటింట్లో పెట్టారా దీన్ని?" అన్నాడు. గాలి ఆడక, వేడెక్కి ఆగిపోతోందని చెప్పాడు. బోర్డుకు ఏమీ కాలేదని తనే ఒప్పుకున్నాడు.

"చూసినావా? ఎవరో నూనె పోసినారు!" అని అలివేలమ్మగారు గెలిచినట్టు అన్నారు. ఆ నల్లటి జిడ్డును వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి, ప్రసాదం పొట్లానికి చేసినట్టే ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పెట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆ వాసన అప్పటికి నా దాకా కూడా వచ్చింది. శుక్రవారం సాయంత్రం ప్రెస్సంతా కమ్ముకునే వాసన అది. మురళికి కూడా తెలిసిపోయింది, అత్త మొహం చూసి కళ్ళు దించుకున్నాడు. సెల్వం ఒక్కడే ఏమీ అర్థంకాక మా ముగ్గుర్నీ చూస్తున్నాడు.

ఆవిడ వేళ్ళను కొంగుకు తుడుచుకున్నారు. "మరలన్నీ భద్రంగా ఉండాయి" అన్నారు చివరికి. "ఎవరూ ఇప్పలా. ఎవరూ పోయలా. నేనే." ఆ గొంతులో అంత చిన్నతనం నేను ముందెప్పుడూ వినలేదు. పొద్దుటి నుంచీ ఉన్న కోపం అప్పుడు ఎటుపోయిందో తెలియదు, ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది. ఆవిడే లేచి సెల్వానికి కుర్చీ వేసి, తన చేత్తో కాఫీ కలిపి తెచ్చిచ్చారు. మురళి దగ్గరికి వెళ్ళి, "నీ మీద తప్పుగా అనుకున్నానురా" అని వాడి భుజం తట్టారు. సెల్వం బ్రష్షు పెట్టి శుభ్రం చేసి, కొత్త ఫ్యాను బిగించాడు. తెరమీద మళ్ళీ తెలుగు అక్షరాలు కనిపించగానే నాకు ఏడుపు ఆగలేదు.

మూత బిగించాక సెల్వం అలవాటుగా పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ దేవుడి పటం దగ్గరికి వెళ్ళి గోళ్ళరంగు సీసా తెచ్చారు. మూత సగం తిప్పి ఆగిపోయి, దాన్ని నా చేతిలో పెట్టారు.

"ఇంకమీద చుక్కలు నువ్వు పెట్టుమే. నా చెయ్యి నమ్మేదానికి లేదు."

అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆవిడ నన్ను క్షమించమని అడగలేదు. అడగాల్సిన పనిలేదు. శుక్రవారాలు సాంబ్రాణి మానలేదు. అన్ని యంత్రాలకూ చూపించి, నా బల్ల దగ్గరికి వచ్చేసరికి గిన్నెను కొంగు చాటుకు తీసుకుని, దూరం నుంచే కంప్యూటర్‌కు దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అది పనిచేసింది, ప్రెస్సులో తెలుగు కార్డులు ఆగలేదు. ఆవిడ పోయాక నేను ఇంకో కంప్యూటర్ కొనుక్కుని ఇంటి దగ్గరే ఈ అక్షరాలు కూర్చే పని పెట్టుకున్నాను. అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. ఎవరేం చెప్పినా ఇప్పటికీ విప్పి చూపించమంటాను. అయితే వేలు ఎవరిమీదికైనా వెళ్ళేముందు, నలిపిన ఆ రెండు వేళ్ళు గుర్తొస్తాయి.

కాఫీ ఇచ్చి, విజయవాడతన్ని పెట్టె విప్పమన్నాను. విప్పాడు. లోపల శుభ్రంగానే ఉంది. అతను ఓపిగ్గా ఒక్కొక్కటీ చూపించాడు, బోర్డు మీద ఒకచోట కాలి నల్లబడిన మచ్చకూడా చూపించాడు. అతను చెప్పింది నిజమే. ఈసారి నిజంగానే పోయింది. కొత్తదే తెప్పించుకున్నాను. నిన్న అతను దాన్ని బిగించి లేవబోతుంటే, మా అమ్మాయి గోళ్ళరంగు సీసా నేనే తెచ్చి మరలమీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. అతని మొహం చిన్నబోయింది.

"నా మీద అనుమానమా అండీ?"

"కాదు బాబూ" అన్నాను, చుక్క ఆరేదాకా దానిమీద ఊదుతూ. "నా మీదే."