ముప్పై ఏడు అంగుళాల నిశ్శబ్దం

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చిన ఏడాదే నాకు రేడియో కేంద్రంలో టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. అవి ఎనభైల చివరి రోజులు. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి మొదలయ్యే చోట కట్టిన చిన్న కేంద్రం మాది. ఒక స్టూడియో, అద్దానికి ఇవతల ఒక రికార్డింగ్ గది, అందులో రెండు టేపు యంత్రాలు, వాటి ముందు నేను.

ఆ వానాకాలం పల్లెల నుంచి కొత్త గాయకులను వెతకమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. పద్దెనిమిది నిండిన వాళ్ళు ఎవరైనా రావచ్చు. ఒక్కొక్కరి పాటను స్టూడియోలో రికార్డు చేయాలి. ముగ్గురు పెద్దలున్న కమిటీ ఆ టేపులను పేర్లు తెలియకుండా, అంకెలు మాత్రమే చూసి వింటుంది. పాసైతే రేడియోలో పాడవచ్చు. ఫెయిలైతే ఏడాది దాకా మళ్ళీ రాకూడదు.

మనిషికొక ఫారం ఉండేది. శ్రుతి, లయ, ఉచ్చారణ, జ్ఞాపకం అనే నాలుగు గడులు కమిటీవి. అయిదో గడి, రికార్డింగులో లోపాలు, నాది. దాన్ని నేను చాలా శ్రద్ధగా నింపేవాణ్ణి. మూడో నంబరు: గాజుల చప్పుడు. ఏడో నంబరు: మైకుకు మరీ దగ్గర. పదకొండో నంబరు: రెండో చరణంలో తుమ్ము. బొగ్గు గనిలో పనిచేస్తూ మౌత్ ఆర్గాన్ వాయించే కుర్రాడు, ఖమ్మంలో కుట్టుమిషన్ల దుకాణం నడిపే ముస్లిం కుటుంబం నుంచి గజళ్ళు పాడే అమ్మాయి, సినిమా గాయకుణ్ణి అచ్చు దింపే డిగ్రీ విద్యార్థి, ఇలా చాలామంది వచ్చారు. అర నిమిషం విని ఎవరు నిలబడతారో చెప్పగలనని నాకు నమ్మకం కలిగింది. నా అంచనాలు ఎక్కువగా నిజమయ్యాయి కూడా.

ఇరవై రెండో నంబరు అమ్మాయి ముదిగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. పంతొమ్మిదేళ్ళుంటాయి. కాలిగోళ్ళలో పొలం మట్టి ఇంకా పోలేదు. వెంట వాళ్ళ అన్న ఉన్నాడు. స్టూడియో ముందు చెప్పులు విడవమంటే విడిచి, వాటిని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"బయట పెట్టు అన్నా, ఎవరూ తీసుకోరు" అన్నాను.

"మీ దగ్గర ఎవరు తీస్తరో నాకేం ఎరుక సార్. మళ్ళీ మళ్ళీ వచ్చెటోణ్ణి కాదు. నాట్ల మీద పని ఇడిచిపెట్టి వచ్చిన."

ఆ మాట ఎందుకన్నాడో తర్వాత అర్థమైంది. వాళ్ళ ఊళ్ళో నాట్లప్పుడు పాట ఎత్తేది ఈ అమ్మాయే. పొలం గట్టు దాటి బతుకమ్మ ఆటకూ, పక్క ఊళ్ళ పెళ్ళిళ్ళకూ కూడా పిలుస్తున్నారు. ఊరి మీద తిరిగి పాడటమేమిటని ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదు. అన్న మధ్యే మార్గం చెప్పాడట. రేడియో వాళ్ళు బాగుందంటే తాను చెల్లెలి పక్కన నిలబడతాడు. బాగాలేదంటే పాట బంద్.

"ఒక్కసారే సార్" అన్నాడు నాతో, ఆమె వినేలాగే. "పాసయితే నేను చూసుకుంట. కాకుంటే ఇగ పాట గీట ముచ్చటెత్తొద్దు."

"ముచ్చటెత్తను" అంది ఆమె అతనివైపు చూడకుండా. "పాడుత, అంతే."

అద్దం అవతల మైకు ముందు నిలబెట్టి, తలుపు మూసి, ఎర్ర దీపం వేశాను. ఆమె ఎత్తుకుంది.

"మడి నిండ నీళ్ళాయె, నీళ్ళల్ల మబ్బాయె..."

ధ్వని చూపే మీటరు సూది ఎక్కడ ఉండాలో అక్కడికి వెళ్ళి కూర్చుంది. ఇరవై ఒక్కమందిలో ఎవరి గొంతుకూ అలా కూర్చోలేదు. పెన్ను కింద పెట్టేశాను. అంతలో పాట ఆగింది. సూది సున్నాకు పడిపోయింది. ఏమైందా అని చూసేలోపు రెండో లైను మొదలైంది. మళ్ళీ ఆగింది. లైను పాడటం, ఆగటం. ఆగినప్పుడల్లా ఎడమ చేతి బొటనవేలు ఏదో గీరుతున్నట్టు కదిలేది, చీర కొంగు రాసుకుని చప్పుడయ్యేది. తొమ్మిదో లైను తర్వాత ఆమె అద్దం వైపు చూసి, "ఇగ చాలు" అని వచ్చేసింది.

నా గడిలో ఇలా రాశాను. ఒకటి: ప్రతి లైను తర్వాత ఆగుతుంది, పదాలు గుర్తురావడం లేదు. రెండు: చేయి కదిలిస్తుంది, బట్టల చప్పుడు.

మా అధికారి సంగీతం బాగా తెలిసిన మనిషి. టేపు విని నిట్టూర్చాడు. "గొంతు బంగారం. కానీ ఈ ఖాళీలు చూడు. రేడియోలో మూడు సెకన్లు మాట వినబడకపోతే సెట్టు పాడైందనుకుంటారు. శనివారం కమిటీ కూర్చుంటుంది. దగ్గులు, తుమ్ములు కోసినట్టే ఈ ఖాళీలూ కోసెయ్. అలాగైనా గొంతు వింటారు."

కోయడం నాకు చేతనైన పని. టేపును మెల్లగా చేత్తో తిప్పి, పాట ఆగిన చోట మైనపు పెన్సిలుతో గీత పెట్టి, బ్లేడుతో కోసి, రెండు కొసలనూ అతికించాలి. కోసిన ముక్కను పారేయను. ఎక్కడ పొరపాటు చేశానో వెనక్కి చూసుకోవడానికి ప్రతి ముక్కనూ బీరువా పై అంచుకు వరసగా అతికించి వేలాడదీస్తాను. అలా ఎనిమిది ముక్కలు వేలాడాయి.

అతికించిన పాట పెట్టి విన్నాను. దరిద్రంగా ఉంది. ఎవరో వెంట తరుముతుంటే పరిగెత్తుతూ పాడినట్టుంది. లైనుకీ లైనుకీ మధ్య ఊపిరి లేదు. బాగు చేయబోయి చెడగొట్టాను. కానీ ఎక్కడ చెడిందో తెలియలేదు.

అప్పుడే పెద్దమ్మ తడి గుడ్డ పట్టుకుని గది తుడవడానికి వచ్చింది. కేంద్రం తెరిచిన రోజు నుంచీ ఊడ్చి తుడిచేది ఆమే, అందరం పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం. ఎర్రుపాలెం వైపు మనిషి. నా జాబితాలంటే ఆమెకు ఎప్పుడూ నవ్వే.

"ఏంది సారూ, బీరువాకు జడలేశావు? అన్నీ ఒక్క కొలతకు భలే కోశావు."

"నేను కొలిచి కోయలేదు పెద్దమ్మా" అన్నాను.

అని, ముక్కల వైపు చూశాను. ఎనిమిది ముక్కల కింది కొసలూ ఒక గీత గీసినట్టు ఒకే ఎత్తులో ఉన్నాయి. స్టీలు స్కేలు తీసి ఒక్కొక్కటీ కొలిచాను. ముప్పై ఏడు అంగుళాలకు తక్కువ లేదు, ముప్పై ఎనిమిదికి ఎక్కువ లేదు. మా యంత్రంలో టేపు సెకనుకు ఏడున్నర అంగుళాలు నడుస్తుంది. అంటే ప్రతి ఖాళీ అయిదు సెకన్లు. అతికించిన టేపులో ఆమె పాడిన లైన్లు కూడా కొలిచాను. అవీ అంతే.

మరచిపోయే మనిషి ఎనిమిది సార్లు అంతే కొలతకు మరచిపోదు. అక్కడిదాకా నాకు తెలిసింది. ఎందుకో మాత్రం తెలియలేదు. ముక్కలన్నీ తెచ్చి, ఏ చోటిది ఆ చోట తిరిగి అతికించాను. సరిగ్గా కుదిరిందో లేదో చూద్దామని తలుపు తెరిచి ఉంచే పాట పెట్టాను. పెద్దమ్మ వరండా తుడుస్తోంది.

మొదటి ఖాళీలో ఏమీ లేదు. రెండో ఖాళీలో వరండాలోంచి చిన్న కూనిరాగం వినిపించింది. మూడో ఖాళీలో పెద్దమ్మ తల ఎత్తకుండా, నేల మీది చేయి ఆపకుండా, పాట అందుకుంది.

"అడుగెనక అడుగేసి నాటేద్దమమ్మా..."

ఆమె గొంతు ఆగిన చోటే టేపులో అమ్మాయి గొంతు లేచింది. వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగో ఖాళీలోనూ అంతే. నేను యంత్రం ఆపాను.

"ఆపావేం?" అంది పెద్దమ్మ.

"నీకు ఈ పాట తెలుసా?"

"ఈ పాట తెలీదు. ఎవరో ఎత్తుతుంది, అందుకునేవాళ్ళు లేక ఆగుతుంది. పాపం అనిపించి అందుకున్నా. పిల్ల ఒక్కతే నాటేస్తందా ఏంది?"

తర్వాత ఆమె గుడ్డ పక్కన పెట్టి చూపించింది. పదిమంది ఆడవాళ్ళు వంగి వరసగా నాటుతూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తారు. ఒకరు పాట ఎత్తుతారు, మిగతా అందరూ అందుకుంటారు. వాళ్ళు అందుకుంటున్నంతసేపూ ఎత్తే మనిషి ఊపిరి తీసుకుని, ఎడమ చేతిలోని నారు కట్ట నుంచి రెండు మూడు మొక్కలు బొటనవేలితో విడదీసుకుంటుంది. చూపిస్తున్నప్పుడు ఆమె బొటనవేలు కదిలింది. అద్దం అవతల నేను చూసిన కదలిక అదే. దాన్ని నేను బట్టల చప్పుడని రాశాను.

అధికారిని పిలుచుకొచ్చి పాట మొదటి నుంచీ పెట్టాను. పెద్దమ్మను అందుకోమన్నాను.

"సారు ముందరా? నా కొలువు ఊడగొడతావా ఏంది?" అంటూనే అందుకుంది.

అధికారి కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. "తబలా వాయించే అతనికి కుర్చీ వేస్తాం. ఈమెకూ వేద్దాం. ఆ అమ్మాయిని శనివారం లోపల మళ్ళీ పిలిపించు" అన్నాడు.

చెప్పినంత తేలిక కాదు. ఉత్తరం వేస్తే చేరేసరికి కమిటీ లేచిపోతుంది. మరునాడు పొద్దున్నే బస్సెక్కి ఖమ్మంలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని, మిగతా దారి నడిచి వాళ్ళ పొలానికి చేరాను. దూరం నుంచే ఆమె గొంతు వినిపించింది. ఆగినప్పుడు పదిమంది గొంతులు లేచాయి. గట్టు మీద నిలబడి చేతి గడియారం చూశాను. అయిదు సెకన్లు.

అన్న నారు కట్టలు విసురుతున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"ఫెయిలయిందని చెప్పనీకి గింత దూరం వచ్చినవా సార్? కార్డు ముక్క ఏస్తే అయిపోతుండె."

"ఫెయిలు కాలేదు. మళ్ళీ ఒకసారి పాడాలి."

"ఒక్కసారే అని చెప్పిన కదా. మీకు చెవులల్ల కూడా మిషిన్లే ఉన్నయా?"

వరసలో ఆడవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. నడుము నిటారు చేసి, చేతిలో నారుతో అలాగే నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది.

"తప్పు మాది" అన్నాను. "ఆమె సరిగ్గానే పాడింది. పాట అందుకునే మనిషిని పెట్టకపోవడం మా తప్పు. ఇది రెండోసారి కాదు. మొదటిసారినే సరిగ్గా చేస్తున్నాం."

అతను చేతుల బురద తుడుచుకున్నాడు. "ఈ ముచ్చట ఇంట్ల నేను చెప్తే నమ్మరు. రాసియ్యి."

జేబులో కాగితం ఎప్పుడూ ఉంటుంది. గట్టు మీద కూర్చుని రాశాను. ఒకటి: ఈమె పదాలు మరచిపోయిందని నేను రాసింది తప్పు. రెండు: చేయి కదపడం లోపమని రాసింది తప్పు. మూడు: మళ్ళీ రికార్డు చేయడానికి పిలుస్తున్నది మా తప్పు వల్ల, ఆమె లోపం వల్ల కాదు. కింద సంతకం చేసి ఇచ్చాను. అతను రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"పో" అన్నాడు చెల్లెలితో. "కాళ్ళు కడుక్కో. జల్దీ."

శుక్రవారం స్టూడియోలో పెద్దమ్మకు కుర్చీ వేస్తే కూర్చోనంది. కూర్చుంటే పాట రాదట. ఇద్దరూ కొంచెం వంగి, మైకు ముందు ఎదురెదురుగా నిలబడ్డారు. మొదటిసారి పెద్దమ్మ అందుకోగానే అమ్మాయి ఆపి, "మా దిక్కు గట్ల అనం. 'మబ్బుల్ల అడుగేసి' అంటం" అంది.

"మా వైపు ఇట్లా అంటారు. కొలత సరిపోయిందా లేదా?"

"సరిపోయింది."

"మరింకేం? ఎత్తు."

ఎత్తింది. నాలుగు నిమిషాల పాటు సూది ఒక్కసారి కూడా సున్నాకు రాలేదు. తొమ్మిది లైన్ల దగ్గర ఆగిన పాట ఇరవై నాలుగు లైన్లు నడిచింది. ఎడమ బొటనవేలు కదులుతూనే ఉంది, కొంగు రాసుకుంటూనే ఉంది. ఆ చప్పుడు ఈసారి నాకు నీళ్ళలో నారు కదిలినట్టు వినిపించింది. నా గడిలో గీత కొట్టి వదిలేశాను.

శనివారం కమిటీలో మొదట పాసైంది ఇరవై రెండో నంబరే. ఆ పాట వచ్చిన రోజు అన్న పంచాయతీ ఆఫీసు రేడియోను అరుగు మీద పెట్టించి, గొంతు పెద్దది చేసి, ఇంట్లో పెద్దవాళ్ళను దాని ముందు కూర్చోబెట్టాడని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడాది నాట్లు అయిపోగానే ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట ముగ్గురు ఆడవాళ్ళున్నారు, అన్న లేడు. వరండాలో పెద్దమ్మ గుడ్డ పిండుతూ వాళ్ళను ఎగాదిగా చూసింది.

"నన్ను తీసేశావన్న మాట."

"నిన్నెవరు తీస్తరు అవ్వా? మీ దిక్కు పాట కూడా నేర్పిన వీళ్ళకు. నువ్వు ఎత్తు, మేము అందుకుంటం."

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను కొత్త ఫారం తీసి, తర్వాతి నంబరు వేసి, పెద్దమ్మను వయసు అడిగాను.