పెరట్లోకి వదిలిన పైపు

మస్తాన్ మా ఇంటికి వస్తే ముందు నీళ్లు అడుగుతాడు. దాహానికి కాదు. గుక్కెడు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి అప్పుడు మింగుతాడు. ఆ తర్వాతే జేబులోంచి నీళ్లలో ఉప్పు కొలిచే పెన్నులాంటి మీటరు తీసి గ్లాసులో ముంచుతాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. మీటరు ఉండగా ఈ నాటకం దేనికయ్యా అని అడిగేశాను.

"మీటరు అంకె చెప్తుందండీ. నమ్మాలో లేదో నాలుక చెప్తుందండీ," అన్నాడు తాపీగా.

అతని తండ్రి ఏలూరు తివాచీలకు ఉన్ని రంగులు వేసేవాడు. ఉప్పు నీళ్లలో రంగు సరిగా పట్టదట. అందుకని బావి నీళ్లు పుక్కిట పట్టి చూశాకే కాగు పొయ్యి మీదికి ఎక్కించేవాడట. తివాచీల పని తగ్గిపోయి కొడుకు వాటర్ ఫిల్టర్ల మెకానిక్ అయ్యాడు. పద్నాలుగేళ్లుగా ఏలూరు నుంచి ఉంగుటూరు దాకా ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఒకసారి నేను రెండు సీసాల్లో నీళ్లు పోసి, ఏది కాలవదో ఏది బోరుదో చెప్పమన్నాను. చెప్పడమే కాదు, బోరు నీళ్లు మా వీధివి కావని కూడా కనిపెట్టాడు. అతన్ని ఓడించాలని పెట్టిన పరీక్ష అది. ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అందుకే పక్కింటి ఉమాపతిగారు ఫిల్టరు పెట్టిస్తానంటే మస్తాన్ పేరే చెప్పాను. ఆయన గుడిలో అర్చకులు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి సుందరమ్మగారు. మా కాలనీలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మస్తాన్ వచ్చి వంటింటి గోడకు మిషన్ బిగించాడు. అందులోంచి బయటికి పోయే నీళ్ల కోసం సన్నటి పైపు ఒకటి కిటికీలోంచి పెరట్లో మురుగుకాలవలోకి వదిలాడు. ఊళ్లో ఏ ఇంట్లో బిగించినా అంతే.

రెండు నెలలు తిరిగేసరికి సుందరమ్మగారి పాదాలు వాచాయి. చెప్పులు పట్టడం లేదు. బీపీ పెరిగిందని డాక్టరు ఉప్పు మానిపించారు. పదిహేను రోజులు చప్పిడి తిన్నా వాపు తగ్గలేదు. వచ్చే సోమవారానికి తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందే అన్నారు. ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారని కూడా అడిగారట. ఉమాపతిగారు అటునుంచి అటే మా గుమ్మంలోకి వచ్చారు.

"ఏవండీ, మీ మాట మీద పెట్టించుకున్నామండీ. అది వచ్చాకే అమ్మకిలా అయింది. రేపు పీకించేస్తానండీ," అన్నారు. కోపంలోనూ ఆయన గొంతు పెరగదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

మర్నాడు పొద్దున్నే మస్తాన్‌ను పిలిపించాను. కుళాయి నీళ్లు తాగి చూశాడు. మీటరు అరవై రెండు చూపించింది. ఫిల్టర్లు విప్పి చూశాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అవే నీళ్లు తాగే పిల్లలు వసారాలో కుందేళ్లలా గెంతుతున్నారు. మస్తాన్ మిషన్ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు దానివంకే చూశాడు. పెద్దావిడ ప్రాణం మీదికి తెచ్చానేమోనన్న భయం అతని మొహంలో కనిపించింది. నాకూ లోపల అదే భయం.

"పంతులుగారూ, అమ్మగారు తాగేది ఏ గ్లాసుతోనండీ?"

"గ్లాసు కాదండీ, రాగి చెంబు. మడి నీళ్లు కదా, తెల్లారకుండానే తనే పట్టుకుంటుంది. ఆ వేళప్పుడు మేమెవరం అటు వెళ్లమండీ."

"ఆ చెంబులోవి ఒక్క గుక్క ఇప్పించండి."

ఆ చెంబు మనవలు కూడా ముట్టుకోకూడదు. సుందరమ్మగారు మొదట ఎందుకూ అన్నారు. తర్వాత నీళ్లు అయిపోయాయన్నారు. చివరికి తప్పక, పైనుంచి అతని దోసిట్లోకి ధారగా వంచారు. మస్తాన్ కళ్లు మూసుకున్నాడు. ఈసారి మింగలేదు. పెరట్లోకి వెళ్లి ఉమ్మేసి వచ్చి, మీటరు మూతలో కొంచెం పోయమన్నాడు. పద్నాలుగు వందల నలభై.

"అమ్మగారూ, ఇవి కుళాయివి కావండీ. పెరట్లో పైపు నీళ్లండీ."

ఆవిడ తల దించుకున్నారు. నేను బిత్తరపోయాను.

"ఏం చెయ్యను నాయనా," అన్నారు. "ఒక బిందె ఇవ్వడానికి మూడు బిందెలు మురుక్కాలవలో పోస్తోంది అది. నేను కొల్లేటి లంకలో పుట్టినదాన్ని. చుట్టూ నీళ్లే, తాగేందుకు మాత్రం పడవేసుకుని బిందెలు తెచ్చుకునేవాళ్లం. ఒలికితే మా అమ్మ వీపు పగలగొట్టేది. ఆ పైపు కారుతుంటే చూడలేకపోయాను. మంచివి పిల్లలకుంటాయి, అవీ బోరు నీళ్లే కదా అని నేను తాగాను."

ఉమాపతిగారు తల్లి దగ్గరికి వచ్చారు. "ఒక్కమాట చెప్పకూడదుటమ్మా!" అన్నారు.

మస్తాన్ ఆవిడకు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "బోరు నీళ్లే కానీ అమ్మగారూ, నాలుగు బిందెల్లో ఉన్న ఉప్పంతా ఆ మూడు బిందెల్లోకే తోసేస్తుందండీ మిషను. మీరు ఉప్పు మానేశాననుకుంటున్నారు. చెంబుతో తాగుతున్నారండీ."

ఆవిడ పాదాల వంక చూసుకున్నారు. "అయితే తాగను. కానీ పారబోస్తే ఒప్పుకోను," అన్నారు.

మస్తాన్ ఆ పూట ఇంకే ఇంటికీ వెళ్లలేదు. పైపుకు ఇంకో ముక్క అతికి, నీళ్లగది గోడ పక్కన డ్రమ్ము పెట్టి అందులోకి తిప్పాడు. ఇల్లు తుడవడానికి, అరుగులు కడగడానికి, మరుగుదొడ్లో పోసుకోవడానికి అవే వాడుకోమన్నాడు. మొక్కలకు మాత్రం వద్దన్నాడు. సుందరమ్మగారు స్టూలు వేయించుకుని, డ్రమ్ములో ధార పడుతుంటే చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత కుళాయి కింద చెంబు పెట్టారు.

సోమవారానికి వాపు కొంచెం తీసింది. ఆసుపత్రి తప్పింది. నెల తిరిగేసరికి ఆవిడ చెప్పులేసుకుని మా ఇంటిదాకా నడిచి వచ్చారు. సరిగ్గా అప్పుడే మస్తాన్ మా ఫిల్టరు మార్చి మిషన్ వేశాడు. ఆవిడ ఇంటికి వెళ్లి చెంబు తెచ్చి, అడక్కుండానే అతని దోసిట్లో పోశారు. మస్తాన్ కళ్లు మూసుకుని హాయిగా మింగాడు. మీటరు జేబులోంచి తీయనే లేదు.

"అరవై లోపేనండీ," అన్నాడు నవ్వుతూ.

"సరే గానీ మస్తానూ, మీ ఇంట్లో ఉందా ఈ మిషను?"

"ఉందండీ అమ్మగారూ."

"పైపు ఎక్కడికి వదిలావు నాయనా?"

మస్తాన్ నవ్వు ఆగిపోయింది. నా వంక చూశాడు. మా పైపూ ఆ క్షణాన మా కిటికీ కింద మురుగుకాలవలోకి బొట్లుబొట్లుగా కారుతూనే ఉంది.

"రెండు డ్రమ్ములు తెస్తానండీ సార్," అన్నాడు మస్తాన్.