ముందు ఎక్కించే చిన్న సీసా

మా మెస్ పిన్నిగారు మొన్న ఆదివారం పోయారు. ఫోన్ చేసింది వాళ్ళాయన. మేమంతా ఆయన్ని బాబాయిగారు అంటాం. "వెళ్ళిపోయిందయ్యా" అన్నారు. సరే అన్నాను. ఆ రోజు ఖర్చులు రాసుకుంటున్నవాణ్ణి, మిగిలినవి కూడా రాసి లేచాను. ఏడుపు రాలేదు. ఇంకా రాలేదు.

అమీర్‌పేటలో గోడ కనపడకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడే రోజులివి. ఆ కోర్సుల పిల్లలకు అన్నం పెట్టే మెస్ వాళ్ళది. నేను కోర్సు చేయలేదు, పంజాగుట్టలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. ఏళ్ళుగా అక్కడే తిన్నాను. పిన్నిగారు వండుతూ రుచి చూసేవారు కాదు. మూత తీసి వాసన పట్టి చెప్పేవారు, ఏది తక్కువైందో. కీమో మొదలయ్యాక పోపు వాసనకే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి నడిచేవారు.

"జబ్బు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నాకు ఒక్క పూట ఆకలి వేస్తే చాలయ్యా" అనేవారు.

బాబాయిగారు వంట వదిలి రాలేరు కనుక ఆసుపత్రికి తోడు నేను వెళ్ళేవాణ్ణి. అక్కడ ముందు ఒక చిన్న సీసా ఎక్కిస్తారు, వాంతులు రాకుండా. కాసేపు ఆగి పెద్ద సీసా, అది అసలు మందు. కడుపులో ఏమీ లేకపోతే బయటికి ఏమొస్తుందని పిన్నిగారు మొదటిసారి పస్తుండి వచ్చారు. ఏకాదశులు ఉండే మనిషి, అదేమీ కష్టం కాదు. ఇంటికి వచ్చాక పైత్యం కక్కుకుని మంచం పట్టారు.

రెండోసారి నర్సమ్మ పట్టుకుంది.

"ఏందమ్మా, మళ్ళ ఉపాసముండి వచ్చిన్రా? గిది గుడి గాదు. ఖాళీ కడుపైతే ఇంకా మస్తు తిప్పుతది. జర ఇడ్లీ అన్న తిని రాండ్రి."

"గుడైతే ప్రసాదం పెడతారమ్మా. నువ్వు పెట్టేది సూదేగా?" అన్నారు పిన్నిగారు. నర్సమ్మ నవ్వింది.

చివరికి ఒకరోజు డాక్టరుగారు నన్ను బయటికి పిలిచారు. అసలు మందు ఇక పనిచేయదు, వాంతుల మందు మాత్రం ఎక్కిద్దాం, బాధ తెలియకుండా ఉంటుంది అన్నారు. తల ఊపి లోపలికి వచ్చి కూర్చున్నాను.

చిన్న సీసా అయిపోయింది. నర్సమ్మ గొట్టం తీసేసింది.

"పెద్దది ఏదమ్మా?"

"ఇయ్యాల గింతే అమ్మా."

పిన్నిగారు నా వైపు చూశారు. నేను చెప్పుల వైపు చూశాను. ఆవిడే లేచారు.

"పద. పిల్లలు ఇంకా తింటూనే ఉంటారు. నాకు ఆకలేస్తోంది."

ఆవిడకు అర్థమైందా లేదా నేను అడగలేదు.

మెస్‌లో ఆ పూట పిన్నిగారు అందరితో పాటు బల్ల దగ్గర కూర్చున్నారు. అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. బాబాయిగారు వడ్డిస్తుంటే దోసకాయ పప్పుతో తిన్నారు. మళ్ళీ అన్నం పెట్టించుకున్నారు. అన్నం మధ్యలో వేళ్ళతో గుంట చేసి, చారు గిన్నె తన దాకా వచ్చేవరకు అలా చూస్తూ కూర్చున్నారు.