మిషిన్ వేడెక్కేదాకా

మా పాటల బృందంలో కీబోర్డు వాయించేది నేను. పాడేది అలియాబాద్ చాచా. పొద్దున మేకల బేరం, సాయంత్రం పాత సినిమా పాటలు. ఆయనకు గొంతు ఎంత పెద్దదో రోషం కూడా అంతే.

మొదట్లో మా దగ్గర మా బాపు వాయించిన పాత అనలాగ్ సింథసైజర్ కీబోర్డు ఉండేది. స్విచ్ వేయగానే శ్రుతి నిలిచేది కాదు. లోపల వేడెక్కేదాకా స్వరాలు అటూ ఇటూ జారేవి. అందాకా మేమంతా చాయ్ తాగేవాళ్లం. చాచా కప్పు చేత పట్టుకుని సన్నగా కూనిరాగం తీసేవాడు. ఆ ఎదురుచూపంటే నాకు చచ్చేంత విసుగు. అందుకే అది మూలపడి, విడిభాగాలు దొరకవని తేలాక మేడ్చల్ మొత్తంలో సంతోషించింది నేనొక్కదాన్నే. అచ్చం అదే ధ్వనిని పలికించే సాఫ్ట్‌వేర్‌ను లాప్‌టాప్‌లో వేయించుకున్నాను. వేళ్లు కొత్త కీబోర్డు మీద ఆడతాయి, పలికేది మాత్రం లాప్‌టాప్. తెరవగానే శ్రుతి సిద్ధం.

దాంతో సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక పుట్టినరోజు విందుకు వెళ్లీ వెళ్లగానే పాట మొదలుపెట్టాం. పైస్థాయికి వెళ్లేసరికి చాచా గొంతు జీరపోయి ఆగిపోయింది. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఇగ నాతోని కాదు బేటీ. వేరేటోన్ని జూస్కోండ్రి" అన్నాడు, అంతా అయ్యాక.

ఆయన లేని బృందంలో నేను మాత్రం ఎందుకు? ఇంటికి పోతుంటే తట్టింది, ఇన్నాళ్లూ మిషిన్‌తో పాటు ఆయన గొంతు కూడా వేడెక్కేదని. కానీ "ముందు కొంచెం గొంతు సవరించుకో చాచా" అనే ధైర్యం ఎవరికుంది? అవన్నీ నేర్చుకునేవాళ్లకని ఆయన లెక్క.

ఆ సాఫ్ట్‌వేర్‌లో, తెర మీద, రేడియో మరలాంటి ఒక నాబ్ ఉంది. తిప్పితే, పాత మిషిన్ చల్లగా ఉన్నప్పటిలాగే శ్రుతి జారుతుంది. బాగున్నదాన్ని చెడగొట్టుకోవడం ఏం సరదా అని అంతకుముందు తిట్టుకున్నాను. అప్పటికే ఒప్పుకున్న శామీర్‌పేట నిశ్చితార్థానికి ఆఖరుసారి రమ్మని చాచాను బతిమాలి, అక్కడ ఆ నాబ్ పూర్తిగా తిప్పి ఒక స్వరం నొక్కాను. ఘోరంగా పలికింది.

"చాచా, గిది కూడా వేడెక్కాల్నట."

ఆయన మొహం వెలిగిపోయింది. "నేన్ ముందే అనుకున్న. మిషిన్ అన్నంక మిషినే. చాయ్ దెప్పియ్!"

చాయ్ అయ్యింది, కూనిరాగం అయ్యింది, నేను నాబ్ మెల్లగా వెనక్కి తిప్పాను. ఆ రోజు ఆయన పాడుతుంటే వంటవాళ్లు సైతం గరిటెలు వదిలి వచ్చి నిలబడ్డారు. మానేస్తానన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా ఇదే నాటకం. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

మొన్న పేట్ బషీరాబాద్‌లో పెళ్లి విందు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా చేరాను. కీబోర్డు, స్పీకర్లు మావాళ్లు ముందే అమర్చారు. పెళ్లికొడుకు మేనమామ చాచా మీద ఎగురుతున్నాడు, ఎప్పుడు షురూ చేస్తారని.

చాచా చాయ్ తాగుతూ తాపీగా చెప్తున్నాడు. "మిషిన్ వేడెక్కుతాంది సాబ్. జర సబర్ జెయ్యున్రి. జల్దీ జేస్తే శ్రుతి ఖరాబైతది."

లాప్‌టాప్ ఇంకా నా భుజానున్న సంచిలోనే ఉంది.

ఆయన నన్ను చూశాడు, సంచిని చూశాడు. ఇసుమంతైనా తడబడలేదు. ఇంకో కప్పు నా వైపు జరిపి మళ్లీ కూనిరాగం అందుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అంత ముద్దొచ్చాడు ముసలాయన.

మేనమామ నా వైపు తిరిగాడు. "ఇంకెంత సేపమ్మా?"

"ఇంకొంచెం వేడెక్కాలె సార్" అన్నాను, సంచిని వెనక్కి దాచుకుంటూ.